క్లెమెన్స్ పెట్టిన జాలీ

అమెరికాలో మా మిల్వాకీ ఊరి దక్షిణపు పేటలో ఏ పాత ఇంటికి వెళ్ళినా రెండు వంటగదులు ఉంటాయి. పైనున్నది చుట్టాలకి చూపించడానికి, కింద బేస్‌మెంట్‌లో ఉన్నది వండుకోవడానికి. పై పొయ్యి మీద నూనె చుక్క పడితే ఇంటావిడకి ఆ రాత్రి నిద్ర పట్టదు. కింద మాత్రం క్యాబేజీ ఉడుకుతూనే ఉంటుంది, సాసేజీలు వేగుతూనే ఉంటాయి. మా తాతలు పోలండ్ నుంచి తెచ్చుకున్నది భక్తీ, పిసినారితనమూ అంటారు. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను కనుక వెక్కిరించే హక్కు నాకుంది.

నా పేరు నోర్బర్ట్ జెలాజ్కో. నోర్బ్ అంటారు. పాత ఇళ్ళలో గాలి గొట్టాలకి మరమ్మతు చేసి, కారే చోటల్లా మూసెయ్యడం నా పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇతరుల బేస్‌మెంట్లలో వెల్లకిలా పడుకునే ఉన్నాను. పని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. కింద ఫర్నేస్ గాలిని వేడి చేస్తుంది. దాని ఫ్యాను ఆ గాలిని రేకు గొట్టాల్లోంచి గదుల్లోకి తోస్తుంది. చల్లబడ్డ గాలిని ఇంకో గొట్టం వెనక్కి లాక్కొస్తుంది. తోసే గొట్టం కారితే గది చల్లగా ఉంటుంది, అంతే. లాగే గొట్టానికి కన్నం పడితేనే చిక్కు. అది ఎక్కడి గాలిని లాగి ఇంట్లోకి పంపుతుందో దేవుడికే తెలియాలి.

జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం కొరీన్ బియర్నాట్ ఫోన్ చేసింది. పైన పడకగది మంచుగడ్డలా ఉంటోందనీ, వచ్చి చూడమనీ అడిగింది. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి వస్తానన్నాను. కొరీన్‌కి యాభై ఒకటి. స్కూలు బస్సు నడుపుతుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లిదండ్రులు పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. వాళ్ళ నాన్న క్లెమెన్స్ గారిని ఎరగనివాళ్ళు మా చర్చిలో లేరు. రేకు పనిలో ఆయన్ని మించినవాడు ఉండేవాడు కాదు.

శనివారం పొద్దున్న తలుపు తీసి, నన్ను చూసి బిత్తరపోయింది. ఎందుకొచ్చావని అడిగింది. నిన్న నువ్వే కదా పిలిచావు అంటే కాసేపు నా మొహంలోకి చూసి, అవునవును అని పక్కకి తప్పుకుంది. కాఫీ ఇస్తానంది. కోటు విప్పేలోగా మళ్ళీ కాఫీ ఇస్తానంది. అల్మారాల మీద, ఫ్రిజ్ మీద, వీధి తలుపు మీద పసుపు రంగు చీటీలు అంటించి ఉన్నాయి. పొయ్యి ఆపు, తాళాలు ఇక్కడ, ఇవాళ శనివారం అని రాసుంది. ఆ చివరి చీటీ చూసి నాకు మనసు అదోలా అయింది. ఏమీ ఎరగనట్టు బేస్‌మెంట్‌కి దిగాను.

పడకగది చల్లదనానికి కారణం దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. అతుకులన్నిటికీ ఎవరో మహానుభావుడు వెండి రంగు గుడ్డ టేపు చుట్టాడు. గాలి గొట్టాలకనే ఆ టేపు అమ్ముతారు. లోకంలో దేనికైనా అంటుకుంటుంది గానీ గాలి గొట్టానికి మాత్రం అంటుకోదు. వేడికి జిగురు ఎండిపోయి, రెండేళ్ళకి అరటి తొక్కలా వేలాడుతుంది. అతుకుల్ని శుభ్రంగా తుడిచి, జాలీ గుడ్డ పరిచి, బూడిద రంగు లప్పం కుంచెతో దట్టంగా పూస్తే ముప్పై ఏళ్ళు కదలదు. ఈ ముక్క చెప్పి చెప్పి నా నోరు అరిగింది. అయినా జనం టేపే కొంటారు.

నేను దూలాల మధ్య తల దూర్చి ఉండగా కొరీన్ దిగొచ్చి మెట్ల మీద కూర్చుంది. గొట్టాల పనివాడికి అందరూ గుట్టు చెప్పుకుంటారు. తల పైకప్పులో ఉన్నవాడికి ఎదుటి మొహం కనబడదు కదా, అందుకని.

"సోమవారం బస్సు తాళాలు ఇచ్చేస్తున్నా, నోర్బ్," అంది.

ఎందుకని అడిగాను. మంగళవారం పొద్దున్న ఒక స్టాపు దగ్గర ఆపకుండా పోయిందట. ఏడేళ్ళుగా ఆపుతున్న స్టాపే. ఒక ఆరేళ్ళ పిల్ల ఆ మంచులో మూల మీద నిలబడి చెయ్యి ఊపుతూనే ఉందట. పిల్లకి ఏమీ కాలేదు. వాళ్ళమ్మే వెనకాల పరిగెత్తుకొచ్చి, కారులో స్కూలుకి తీసుకెళ్ళిందట. ఆ స్టాపు దాటినట్టు కూడా కొరీన్‌కి తెలియలేదు.

"అమ్మకీ ఇలాగే మొదలైంది. యాభై రెండేళ్ళకి," అంది. "ఇంకా ఎవరికీ చెప్పలేదు. మార్సెల్లాకి కూడా."

మార్సెల్లా ఆమె చెల్లెలు. నాలుగు వీధుల అవతల ఉంటుంది. వాళ్ళ అమ్మ జబ్బు సంగతి పేటంతా చూసింది. ముందు పేర్లు మర్చిపోయింది, తర్వాత మొహాలు, చివరికి చర్చిలో పక్కన కూర్చున్న భర్తని నువ్వెవరని అడిగింది. ఆ జబ్బు తనకీ వస్తుందని కొరీన్ ఇరవై ఏళ్ళుగా ఎదురు చూస్తోందని నాకు ఆ పొద్దున్నే తెలిసింది. మనిషి ఏడవడం లేదు. రైలు వేళ చెప్పినట్టు చెబుతోంది. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

పనివాణ్ణి కనక పనివాడి ప్రశ్నే వేశాను. ఎప్పుడెప్పుడు ఎక్కువగా ఉంటుందని.

"పొద్దున్నే. తలనొప్పి, కళ్ళు తిరగడం. మధ్యాహ్నం ట్రిప్పుకల్లా బాగానే ఉంటా. శని, ఆదివారాలే అస్సలు బాగోదు."

"ఎప్పటినుంచి?"

"నవంబర్ నుంచి. క్రిస్మస్‌కి మార్సెల్లా ఇంట్లో నాలుగు రోజులున్నా కదా, అప్పుడు శుభ్రంగా ఉన్నా. అది పెట్టే తిండి అలాంటిది."

నేను తల బయటికి తీశాను. ఆ బేస్‌మెంట్‌లోకి దిగి అరగంటైంది. నా కణతలు కూడా అప్పటికే కొట్టుకుంటున్నాయి. నిన్న చర్చి హాల్లో చేపల వేపుడుతో తాగిన బీరు ఫలం అనుకున్నానంతవరకూ. వాళ్ళ అమ్మ మతిమరుపుకి పొద్దూ మాపూ తేడా ఉండేది కాదు. ఆదివారాలూ పండగలూ చూసుకుని వచ్చేది కాదు. ఈమెది మాత్రం ఇంట్లో ఉంటే వస్తోంది, ఇల్లు దాటితే పోతోంది.

అప్పుడు జాలీ కేసి చూశాను.

అది క్లెమెన్స్ గారి కనిపెట్టుడు. కింది వంటగదిలో రోజంతా పొయ్యి వెలుగుతుంటే ఆ వేడంతా వృథాగా పోతోందని ఆయనకి ఒకటే దిగులు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, గాలిని వెనక్కి లాగే గొట్టానికి బేస్‌మెంట్‌లోనే చతురస్రంగా కన్నం కోసి, దానికి ముచ్చటైన ఇత్తడి జాలీ బిగించాడు. ఇక కింది వేడిని ఫ్యాను లాక్కుని పైకి పంపుతుంది. పైసా ఖర్చు లేదు. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. నాలుగు సీసాల బీరు పోస్తే చాలు, అడిగినవాళ్ళకల్లా కోసిపెట్టాడు. మా నాన్న కూడా పోసి కోయించుకున్నాడు. ఆ జాలీకి ఆరడుగుల దూరంలో గ్యాసు మంట మీద నడిచే వేడినీళ్ళ ట్యాంకు ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ మంట పొగని ఏ ఫ్యానూ తొయ్యదు. దానంతటదే తేలికై చిమ్నీలోకి ఎక్కాలి. పక్కన గట్టిగా లాగేది ఏదైనా ఉంటే ఆ పొగ చిమ్నీ వైపు పోదు.

ఎనిమిదేళ్ళ క్రితం వేరే పని మీద ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ జాలీ నా కంట పడింది. అప్పటికి మా ఇంట్లోది మూసేసి చాలా కాలమైంది. ఇదీ మూసెయ్యాలి అనుకున్నాను. కానీ పెద్దాయన పక్కనే స్టూలు మీద కూర్చుని, ఎంత బాగా పనిచేస్తోందో చూశావా అని మురిసిపోతున్నాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. మొహమాటం కొంపలు ముంచుతుందని నాకు తెలియక కాదు.

"పాత ఫర్నేస్ ఎప్పుడు తీసేశావు?" అని అడిగాను.

అక్టోబర్లో కొత్తది పెట్టించిందట. ఎవరో చవగ్గా పెట్టి పోయారట. వెళ్ళి చూస్తే, పాతదానికి రెండింతలు లాగే ఫ్యాను. కిటికీలు చూశాను. చలిగాలి రాకుండా అన్నిటికీ ప్లాస్టిక్ కాగితం బిగించి అంటించింది. తలుపుల కింద పాత తువాళ్ళు కుక్కింది. ఇల్లంతా ఊరగాయ జాడీలా మూత పడి ఉంది.

జేబులోంచి అగరొత్తి తీసి వెలిగించాను. కొందరు దీనికి ఖరీదైన పొగ సీసాలు వాడతారు, నాకు ఇదే అలవాటు. ట్యాంకు పైన చిమ్నీ మూతి దగ్గర పెడితే పొగ బుద్ధిగా లోపలికి పోయింది. కొరీన్‌ని పైకెళ్ళి గోడ మీది మీట తిప్పి ఫర్నేస్ ఆన్ చెయ్యమన్నాను. ఫ్యాను అందుకుంది. పొగ ఒక్క క్షణం తటపటాయించి, బయటికి తిరిగి, గది అడ్డంగా సాగి, నేరుగా ఆ ఇత్తడి జాలీలోకి దూరింది. మంట పొగలో ఉండే, వాసన లేని విష గ్యాసు కార్బన్ మోనాక్సైడ్‌ని కొలిచే మీటరు బండిలోంచి తెచ్చి పెట్టాను. సున్నా ఉండాల్సిన చోట అరవై చూపించి, నేను చూస్తుండగానే డెబ్భై దాటింది.

ఫర్నేస్ ఆపాను, ట్యాంకుకి గ్యాసు కట్టేశాను. మెట్లు రెండేసి ఎక్కి ఆమె చెయ్యి పట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులోకి లాక్కొచ్చాను. పొయ్యి మీద కాఫీ ఉందని గొడవపెట్టింది. పోనీ కాఫీ అన్నాను. వెనక్కి వెళ్ళి ఊపిరి బిగబట్టి తలుపులు తెరిచి, ఆమె అంత ఓపిగ్గా అంటించిన ప్లాస్టిక్ కాగితాలన్నీ చింపి కిటికీలు ఎత్తాను. తర్వాత అగ్నిమాపక వాళ్ళకి ఫోన్ చేశాను, మార్సెల్లాకి చేశాను.

ఆ గ్యాసు పసిగట్టే అలారం లేదా నీకు అని బండిలో కూర్చోబెట్టి అడిగితే, ఉంది, నవంబర్లో ఊరికే కూస్తుంటే బ్యాటరీ పాడైందనుకుని గరాజ్‌లో పడేశానంది. నేను తిట్టబోయి ఆగాను. చలికి ఆమె పెదాలు వణుకుతున్నాయి. ఆ వణుకులో కూడా నా మొహమే చూస్తోంది.

"నోర్బ్, అయితే ఇదేనా? నిజంగా ఇదేనా?"

నేను డాక్టర్ని కాదు. ఆసుపత్రికెళ్ళి రక్తంలో ఈ గ్యాసు ఉందేమో చూడమని అడగండి, ఇప్పుడే, ఆలస్యం చేస్తే ఒంట్లోంచి పోతుంది అని, కారులో వచ్చిన మార్సెల్లాకి రెండుసార్లు చెప్పాను. వాళ్ళ కారు మలుపు తిరిగాక అక్కడే నిలబడిపోయాను.

నా ముప్పై ఒక్క ఏళ్ళ పనిలో అంత భయం ఎన్నడూ పడలేదు. ఇంట్లో గ్యాసు ఉందన్నది ఖాయమే. కానీ రక్తం శుభ్రంగా ఉందంటే? మీటరుదేముంది, అది ఇంటి సంగతి చెబుతుంది, మనిషి సంగతి కాదు. ఇరవై ఏళ్ళుగా భయపడుతున్న మనిషికి నేను ఒక అగరొత్తి పొగతో ఆశ పెట్టాను. అది కూడా పోతే ఆమె మొహం చూడటం నా వల్ల కాదు. అగ్నిమాపక వాళ్ళు వచ్చారు, వాళ్ళ మీటర్లూ నా మాటే చెప్పాయి, ట్యాంకుకి వాడొద్దని ఎర్ర చీటీ కట్టి వెళ్ళిపోయారు. నేను బండిలో కూర్చుని, మా ఆవిడ కట్టిచ్చిన రై పిండి రొట్టె విప్పి, తినకుండా మళ్ళీ చుట్టేశాను. చర్చి గంట పదకొండు కొట్టింది.

పదకొండున్నరకి ఫోన్ మోగింది.

"విషమట, నోర్బ్." ఆమె గొంతు గుర్తుపట్టడం కష్టమైంది. "నా రక్తంలో విషం ఎక్కిందట. చాలా ఉందట. డాక్టర్ రెండోసారి కూడా చూశాడు."

మార్సెల్లా ఫోన్ లాక్కుంది. అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తనకి తెలియడం లేదనీ, విషమని చెప్తే డాక్టర్ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టిందనీ, ఆయన హడలిపోయి ఇంకో డాక్టర్ని పిలిచాడనీ చెప్పింది. ప్రాణవాయువు పెట్టారట. రెండు రోజులు ఉంచుకుంటారట. ఇంకో నెల ఆ ఇంట్లో అలాగే ఉండుంటే ఏదో ఒక పొద్దున్న ఇక నిద్ర లేచేది కాదని కూడా అన్నారట. ఫోన్ పెట్టేసి రొట్టె మళ్ళీ విప్పి, రెండు ముక్కలూ తిన్నాను. అంత రుచైన రొట్టె మా ఆవిడ అంతకుముందు ఎన్నడూ చెయ్యలేదు.

బుధవారానికి పాత ట్యాంకు తీసేసి, తన పొగని తన గొట్టంలోనే బయటికి పంపుకునే కొత్త ట్యాంకు పెట్టారు. నేను గొట్టాల పని మొదలుపెట్టాను. వేలాడే టేపులన్నీ పీకాను. తెల్ల కాగితం చుట్టిన రెండు అతుకుల జోలికి మాత్రం పోలేదు. పాత రోజుల్లో చుట్టిన ఆ కాగితంలో ఊపిరితిత్తుల్ని తినే ఆస్బెస్టాస్ నార ఉంటుంది. దాన్ని తియ్యడానికి వేరే మనుషులున్నారు. మిగతావన్నీ తుడిచి లప్పం పూస్తుంటే కొరీన్ కిందికి దిగింది. బుగ్గల్లో రంగు వచ్చింది. వాళ్ళ నాన్న పాత అంగీ తొడుక్కుని చేతులు పైకి మడిచింది. జాలీ తనే మూస్తానంది.

ఇత్తడి జాలీ మరలు విప్పి ఆమె చేతిలో పెట్టాను. కన్నానికి సరిపడా రేకు కోసిచ్చాను. మరలు తనే బిగించింది. అంచులకి గుడ్డ పరిచి కుంచె ముంచింది.

"నాన్న చేశాడా ఇదంతా?" అని అడిగింది. కుంచె ఆగలేదు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కన్నం మీ నాన్నదే, కానీ పాత ఫ్యానుకి అంత బలం లేదు, కిటికీల సందుల్లోంచి గాలి ఆడేది, అందుకే ముప్పై ఏళ్ళు ఎవరికీ ఏమీ కాలేదు అన్నాను. కొత్త ఫ్యాను పెట్టినవాడు జాలీని చూడలేదు. నువ్వేమో ఇల్లంతా బిగించేశావు, కూసే అలారాన్ని గరాజ్‌లోకి గెంటావు. తిలా పాపం తలా పిడికెడు.

"అందులో నాదీ ఓ పిడికెడుంది," అన్నాను. "ఎనిమిదేళ్ళ క్రితం నేనిది చూశా. మీ నాన్న నొచ్చుకుంటాడని నోరు మూసుకున్నా."

ఆమె కుంచె పక్కన పెట్టి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆయన నొచ్చుకునేవాడు కాదు," అంది. "నీ చెవి మెలేసి, నీకేం తెలుసురా రేకు పని అనేవాడు. నువ్వు చెప్పినా మూసేవాడు కాదులే. ఈ వీధిలో ఇంకెన్ని ఉన్నాయి ఇలాంటివి?"

పదకొండు దాకా ఉండచ్చన్నాను. ఆదివారం చర్చి దగ్గర నిలబడి అందరికీ చెప్తానన్నాను.

"చెప్పు. ఈసారి ఎవరు నొచ్చుకున్నా చెప్పు," అని మళ్ళీ కుంచె అందుకుంది.

రేకు నాలుగు అంచులూ నిండాక, నేను నాలుగు రోజులుగా భయపడుతున్న ప్రశ్న అడిగింది. అయితే అమ్మది కూడా ఇదేనా అని. జాలీ అప్పటికే ఉంది కదా, మనం ఊరికే ఆవిణ్ణి పోగొట్టుకున్నామా అని.

"చివర్లో మీ అమ్మని చర్చి సిస్టర్లు నడిపే హోమ్‌లో ఎన్నాళ్ళుంచారు?" అన్నాను.

"మూడేళ్ళు."

"ఆ మూడేళ్ళూ ఈ ఇంటి గాలి ఆవిడ పీల్చలేదు. ఒక్క పొద్దు తేరుకుందా?"

"లేదు," అంది కొరీన్. "జూలైలో వెళ్ళినా నన్ను పోల్చుకునేది కాదు."

"అదీ సంగతి. నువ్వు నాలుగు రోజులు బయటుంటే శుభ్రంగా ఉన్నావు. ఆవిడ జబ్బు ఆవిడది. నీది కాదు. ముందు ముందు ఏమవుతుందో నాకు తెలీదు, నాకైనా ఏమవుతుందో తెలీదు. ఇవాళ్టికి మాత్రం నీకేం లేదు."

ఆమె మెట్టు మీద కూర్చుంది. చేతులనిండా లప్పం. మొహం తుడుచుకోవడానికి వీల్లేక మోచేత్తో ఒత్తుకుంది.

"ఇరవై ఏళ్ళుగా అమ్మ గుర్తొస్తే చాలు నాకు భయమేసేది, నోర్బ్. నేనూ అలాగే అవుతాననే. అమ్మ ఫోటో కూడా సరిగ్గా చూడలేదు," అంది. "ఇవాళ ఒట్టి బెంగగా ఉంది. అమ్మ మీద బెంగ, అంతే. ఇంకేం లేదు."

అని ఏడ్చింది. నేను ఏడవనిచ్చాను. లప్పం ఆరేదాకా నాకూ వేరే పని లేదు.